ఎనభై నాలుగుకు ఎన్ని దారులు?

గణిత చరిత్రలో బాగా దేశాలు తిరిగిన త్రిభుజం ఒకటుంది. దాని భుజాలు 13, 14, 15. వైశాల్యం 84. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరపు హెరాన్ దాన్ని కొలిచాడు. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాసిన మొదటి భాస్కరుడు దాన్నే ఉదాహరణగా ఎంచుకున్నాడు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ, 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యుడు, 1220లో ఇటలీలో ఫిబొనాచీ, 1247లో చైనాలో చిన్ జియుషావ్ అందరూ ఈ మూడు సంఖ్యల దగ్గరికే వచ్చారు. పదిహేనో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పియెరో డెల్లా ఫ్రాంచెస్కా కూడా తన గణిత గ్రంథంలో దీనికి చోటిచ్చాడు.

జవాబు ఏనాడో తెలిసిపోయింది. అయినా మళ్లీ మళ్లీ ఎందుకు చేశారు? కొత్త పద్ధతిని పొలం మీద ప్రయోగించే ముందు, జవాబు తెలిసిన లెక్క మీద దాన్ని సరిచూసుకోవాలి. ఆ పనికి ఈ త్రిభుజం చక్కగా సరిపోయింది. భుజాలు చిన్న పూర్ణ సంఖ్యలు, ఎత్తు పూర్ణ సంఖ్య, వైశాల్యం పూర్ణ సంఖ్య. పైగా ఇందులో లంబకోణం లేదు కాబట్టి రెండు భుజాలు గుణించి సగం చేసి తప్పించుకోవడానికి వీల్లేదు. ఇన్ని దారుల్లో జవాబు మారలేదు. మారింది ఒక్కటే: కొలిచేవాడి చేతిలో ఏముంది, ఏది లేదు అన్నది. ఈ రెండు వేల ఏళ్ల కథను ఆ ప్రశ్న పట్టుకుని నడిస్తేనే అర్థమవుతుంది.

ముందు తప్పు జవాబు: 98

కథ సరైన జవాబుతో మొదలుకాలేదు. ఈజిప్టులోని ఎడ్ఫూలో హోరస్ దేవాలయం ఉంది. గ్రీకు సంతతి టాలెమీ రాజుల కాలంలో ఆ గుడికి ఇచ్చిన భూదానాల వివరాలు దాని గోడల మీద చెక్కి ఉన్నాయి. నాలుగు భుజాల పొలానికి అక్కడ వాడిన సూత్రం ఇది: ఎదురెదురు భుజాల సగటులు రెండూ కనుక్కుని గుణించాలి. మూడు మూలల పొలమైతే నాలుగో భుజం లేదని రాసుకుని అదే సూత్రం వాడారు. మన త్రిభుజానికి వేసి చూస్తే, 13, 15ల సగటు 14. మిగిలిన 14కు ఎదురుగా ఏమీ లేదు కాబట్టి సగటు 7. పద్నాలుగేళ్లు 98.

ఈ సూత్రం మన దేశంలోనూ ఉండేది. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో దీన్ని చెప్పి, ఇది స్థూల ఫలమని, అసలు విలువ వేరని పక్కనే హెచ్చరించాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు కూడా వ్యావహారిక ఫలం, సూక్ష్మ ఫలం అని రెండూ విడివిడిగా ఇచ్చాడు. పండితులకు తేడా తెలుసు. తెలిసీ స్థూల సూత్రాన్ని పుస్తకంలో ఉంచారంటే బయట దాని వాడకం ఆగలేదనే కదా.

వాడకం ఎందుకు ఆగలేదో ఊహించడం కష్టం కాదు. ఇందులో వర్గమూలం లేదు, పొలంలోకి దిగి లంబం పట్టే పని లేదు. గట్ల వెంట నడిచి నాలుగు పొడవులు తెచ్చుకుంటే చాలు. అయితే ఈ సూత్రం ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంది. త్రిభుజం ఎత్తు పక్క భుజాల సగటును ఎన్నటికీ మించదు. అందువల్ల స్థూల ఫలం అసలు వైశాల్యం కన్నా ఎక్కువే వస్తుంది. మన త్రిభుజంలో 84కు బదులు 98, అంటే 14 ఎక్కువ. సరిగ్గా ఆరో వంతు. ధర్మశాస్త్రాలు రాజుకు పంటలో ఆరో వంతు ఇవ్వమన్నాయి. ఇక్కడ పంట పండకముందే కొలతలో ఆరో వంతు పెరిగిపోయింది. పన్ను కట్టేవాడికి నష్టం, వసూలు చేసేవాడికి లాభం. అలాంటి తప్పు త్వరగా చావదు.

ఎత్తు తెలిస్తే

ఎత్తు చేతిలో ఉంటే అసలు చిక్కే లేదు. 499లో ఆర్యభటుడు అర శ్లోకంలో తేల్చేశాడు: లంబాన్ని భూమిలో సగంతో గుణిస్తే త్రిభుజ ఫలం. యూక్లిడ్ అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందే ఇదే సంగతిని సంఖ్యల ఊసు లేకుండా, ఒకే భూమి మీద ఒకే సమాంతర రేఖల మధ్య నిలిచిన సమాంతర చతుర్భుజంలో త్రిభుజం సగమని రుజువు చేసి పెట్టాడు.

263లో చైనా గణితవేత్త ల్యూ హుయీ తొమ్మిది అధ్యాయాల ప్రాచీన గణిత గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ మరింత చేతికందేలా చూపించాడు. పొడుచుకు వచ్చిన ముక్కను కోసి, ఖాళీగా ఉన్న చోట పెట్టు, త్రిభుజం దీర్ఘచతురస్రమైపోతుంది. మన త్రిభుజాన్ని అలా కోసి అతికితే వెడల్పు 7, ఎత్తు 12. సూత్రం గుర్తుపెట్టుకోనక్కరలేదు, కత్తెర ఉంటే చాలు.

కానీ 12 అన్న ఎత్తు ఎక్కడిది? ప్రశ్నలో ఇచ్చినవి మూడు భుజాలే. మన పూర్వులు లంబం లెక్కల్లో దీనికి ఒక కిటుకు వాడారు. 14ను భూమిగా పరచి, కొన నుంచి లంబం దింపితే భూమి రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలకు సంస్కృత గణితంలో ఆబాధలని పేరు. రెండు పక్క భుజాల మొత్తం 28, తేడా 2. వాటి లబ్ధం 56. దాన్ని భూమి 14తో భాగిస్తే 4. ఇదే ఆబాధల తేడా. మొత్తం 14, తేడా 4 అయిన రెండు సంఖ్యలు 9, 5. ఇక 13 వర్గంలోంచి 5 వర్గం తీసేస్తే 144, దాని మూలం 12. పద్నాలుగు పన్నెండ్లలో సగం 84.

ఈ లంబం గీశాక త్రిభుజం గుట్టు బయటపడుతుంది. ఎడమ వైపు 5, 12, 13 భుజాల లంబకోణ త్రిభుజం. కుడి వైపు 9, 12, 15 త్రిభుజం, అంటే మనకు పరిచయమైన 3, 4, 5కు మూడు రెట్లు. పన్నెండు దగ్గర రెండింటినీ అతికితే మన త్రిభుజం. వైశాల్యాలు 30, 54, కలిపితే 84. పూర్ణ సంఖ్యలతో విషమ త్రిభుజాలు తయారు చేసే పద్ధతి బ్రహ్మగుప్తుడు చెప్పింది ఇదే: ఒకే ఎత్తున్న రెండు లంబకోణ త్రిభుజాలను తెచ్చి జోడించు. కలపడానికి బదులు ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 4, 13, 15 భుజాల సన్నని త్రిభుజం మిగులుతుంది. దాని వైశాల్యం 54లోంచి 30 పోగా 24.

పొలంలోకి దిగకుండా

పొలం మధ్యలో చెరువో, పంటో, పొరుగువాడి గోడో ఉంటే లంబం పట్టలేము. గట్ల పొడవులు మాత్రమే దొరుకుతాయి. అప్పుడు లంబాన్ని లెక్కలోంచి పూర్తిగా తప్పించే దారి కావాలి. బళ్లో హెరాన్ సూత్రమని చదువుకునేది అదే. మూడు భుజాల మొత్తంలో సగం 21. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 8, 7, 6. ఈ నాలుగింటి లబ్ధం 7056. దాని వర్గమూలం 84.

మెట్రికా అనే తన గ్రంథంలో హెరాన్ ఇచ్చిన రుజువు అంతర్‌వృత్తంతో మొదలవుతుంది. మన త్రిభుజంలో మూడు భుజాలనూ తాకే వృత్తం వ్యాసార్థం 4. ఆ కేంద్రం నుంచి మూలలకు గీతలు గీస్తే త్రిభుజం మూడు ముక్కలవుతుంది. భూములు 13, 14, 15, అన్నింటి ఎత్తూ 4. వైశాల్యాలు 26, 28, 30, వెరసి 84. కంటికి కనిపించే రుజువు ఇక్కడి వరకే. తర్వాత సమరూప త్రిభుజాల మీదుగా నాలుగు పొడవుల లబ్ధం దగ్గరికి చేరాలి. రెండు పొడవుల లబ్ధం వైశాల్యం, మూడింటిది ఘనపరిమాణం. నాలుగింటిది ఏమిటి? ప్రాచీన గ్రీకు జ్యామితిలో దానికి రూపం లేదు. హెరాన్ అది పట్టించుకోకుండా ముందుకు సాగాడు. అతను కొలిచేవాళ్ల కోసం రాస్తున్నాడు, తాత్వికుల కోసం కాదు.

సూత్రం మీద పేటెంటు మాత్రం హెరాన్‌కు ఇవ్వలేం. పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ దీన్ని ఆర్కిమెడీస్‌కు ఆపాదించాడు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లోని బనూ మూసా సోదరులు రుజువుతో సహా అరబ్బీలో రాశారు. పన్నెండో శతాబ్దంలో క్రెమోనా వాసి జెరార్డ్ ఆ పుస్తకాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. మెట్రికా రాతప్రతి ఇస్తాంబుల్‌లో బయటపడింది 1896లో. అంటే ఐరోపా ఈ సూత్రాన్ని శతాబ్దాల పాటు అరబ్బుల చేతి మీదుగానే వాడుకుంది.

భారతదేశంలో ఇది మరో తలుపు గుండా వచ్చింది. బ్రహ్మగుప్తుడు చతుర్భుజానికి సూత్రం చెప్పాడు: సగం చుట్టుకొలతలోంచి నాలుగు భుజాలనూ విడివిడిగా తీసి, వచ్చిన నాలుగింటినీ గుణించి, మూలం తీయి. నాలుగో భుజం సున్నా అనుకుంటే అది త్రిభుజ సూత్రమైపోతుంది. ఎడ్ఫూ గుడి గోడ మీద నాలుగో భుజం లేదని రాసి వాడిన సూత్రం 98 ఇచ్చింది. బ్రహ్మగుప్తుడి సూత్రంలో అదే నాలుగో భుజం సున్నా చేస్తే 84 వచ్చింది. త్రిభుజాన్ని ఒక భుజం పోగొట్టుకున్న చతుర్భుజంగా చూడడం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా సూత్రంలో ఉంది.

ప్రశ్నే తప్పయితే

ఆ చతుర్భుజ సూత్రంలో ఒక షరతు పైకి చెప్పలేదు. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉంటేనే అది నిజం. తర్వాతి వాళ్లు షరతు లేకుండానే వల్లించారు. ఐదు వందల ఏళ్ల తర్వాత భాస్కరాచార్యుడు దీని మీద విరుచుకుపడ్డాడు. కర్ణమో లంబమో చెప్పకుండా నాలుగు భుజాలిచ్చి నియతమైన ఫలం అడిగేవాడు పిశాచమన్నాడు. చెప్పడానికి పూనుకున్నవాడినీ అందులోనే కలిపాడు.

తిట్టి ఊరుకోలేదు, లెక్క చేసి చూపించాడు. నాలుగు భుజాలూ 25 అయిన క్షేత్రం తీసుకున్నాడు. కర్ణాలు 30, 40 అయితే ఫలం 600. కర్ణాలు 48, 14 అయితే 336. కర్ణాలు రెండూ సమానమైతే చతురస్రం, ఫలం 625. భుజాలు మారలేదు, గట్ల పొడవులు మారలేదు, మూలలు వంగిన కొద్దీ పొలం పెరిగింది, తగ్గింది.

ఈ వాదన వెలుగులో చూస్తే త్రిభుజం ఎందుకు ప్రత్యేకమో తెలుస్తుంది. మూడు కర్రలు మేకులతో బిగిస్తే ఆ చట్రం వంగదు. మూడు భుజాలు చెబితే ఆకారం ఒక్కటే, వైశాల్యం ఒక్కటే. నాలుగు కర్రలకు ఆ హామీ లేదు. 13, 14, 15 ఇచ్చి వైశాల్యం అడగడం న్యాయమైన ప్రశ్న. నాలుగు సంఖ్యలిచ్చి అడగడం అసంపూర్ణ ప్రశ్న. పద్ధతుల గురించి ఇంత చర్చ జరిగిన శాస్త్రంలో, ప్రశ్న అడగదగినదేనా అని లీలావతి నిలదీసింది.

అదే పుస్తకంలో ఇంకో మెలిక ఉంది. భుజాలు 10, 17, భూమి 9 అయిన త్రిభుజానికి ఆబాధలు కట్టమన్నాడు. పక్క భుజాల మొత్తం 27, తేడా 7, లబ్ధం 189, భూమితో భాగిస్తే 21. భూమి తొమ్మిదే, ఆబాధల తేడా ఇరవై ఒకటి! ఒక ఆబాధ 15, రెండోది మైనస్ 6. భాస్కరాచార్యుడు కంగారుపడలేదు. ఋణ సంఖ్య అంటే ఎదురు దిక్కు అన్నాడు. లంబం భూమి దాటి బయట పడిందన్నమాట. ఎత్తు 8, వైశాల్యం 36. ఋణ సంఖ్యలను ఐరోపా ఇంకా అనుమానంగా చూస్తున్న రోజుల్లో, ఇక్కడ అవి పొలం గట్టు దాటి అవతల నిలబడ్డ లంబం చిరునామా చెప్పాయి.

తెలియనిదానికి పేరు పెట్టి

ఖలీఫా అల్ మామూన్ కాలంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో కొలతల మీద ఒక భాగం ఉంది. 13, 14, 15 అక్కడా ఉంది. అతను కిటుకు సూత్రం చెప్పలేదు. లంబం పాదం దాకా ఉన్న ముక్కను తెలియని రాశి అనుకున్నాడు. ఎడమ వైపు నుంచి లంబం వర్గం కట్టాడు: 169లోంచి ఆ రాశి వర్గం పోవాలి. కుడి వైపు నుంచి కట్టాడు: 225లోంచి, 14లో ఆ రాశి పోగా మిగిలినదాని వర్గం పోవాలి. రెండూ ఒకే లంబానివి కాబట్టి సమానం. రెండు వైపులా ఉన్న రాశి వర్గాలు కొట్టుకుపోతాయి. 140 అంటే ఆ రాశికి 28 రెట్లు అని మిగులుతుంది. రాశి 5, లంబం 12, వైశాల్యం 84.

అల్ ఖ్వారిజ్మీ చేరిన 5, సంస్కృత గణితంలోని చిన్న ఆబాధ ఒకటే. ఒకరికి అది కంఠస్థం చేసిన సూత్రం ఇచ్చిన ఫలం. మరొకరికి ఏ లెక్కకైనా పనికొచ్చే తీరులో నడిచిన ఆలోచన ఫలం. బాగ్దాద్ దారిలో గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువ, రాయాల్సింది ఎక్కువ.

చిన్ జియుషావ్ 1247 నాటి పుస్తకంలో అడిగిన పొలం మరీ పెద్దది. ఇసుక నేల, మూడు వాలు గట్లు, పొడవులు 13, 14, 15 లీలు (లీ చైనా దూరపు కొలత). అతని పద్ధతిలో లంబం లేదు, సగం చుట్టుకొలత లేదు. చిన్న, పెద్ద భుజాల వర్గాలు కలిపి మధ్య భుజం వర్గం తీసేస్తే 198. సగం 99, దాని వర్గం 9801. చిన్న, పెద్ద భుజాల వర్గాల లబ్ధం 38,025. అందులోంచి 9801 పోతే 28,224. నాలుగో వంతు మళ్లీ మన 7056. మూలం 84 చదరపు లీలు. చైనా కొలమానంలో 315 చింగ్‌లని జవాబు రాశాడు. హెరాన్ సూత్రాన్ని విప్పి రాస్తే చిన్ సూత్రమవుతుంది, చిన్ సూత్రాన్ని కారణాంకాలుగా విడగొడితే హెరాన్ సూత్రమవుతుంది. మధ్యలో పన్నెండు వందల ఏళ్ల దూరం, అలెగ్జాండ్రియా నుంచి చైనా దాకా నేల.

తెలుగు నేల మీద

మహావీరాచార్యుడు రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి కాలం వాడు. అతని గణితసారసంగ్రహం పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన చేతిలో తెలుగు పద్యమైంది. నన్నయ భారతానికి శ్రీకారం చుట్టిన శతాబ్దంలోనే తెలుగుకు గణిత గ్రంథం కూడా దక్కింది. జైన గ్రంథకర్త ఉదాహరణల్లోని జైన వాతావరణం తీసేసి మల్లన శైవ వాతావరణం తెచ్చాడు. గుడి మారింది, దేవుడు మారాడు, లెక్క మారలేదు. మూల గ్రంథాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో అచ్చు వేశాకే బయటి ప్రపంచానికి మహావీరుడు బాగా తెలిశాడు. తెలుగువాళ్లకు అప్పటికి ఎనిమిది వందల ఏళ్ల పరిచయం.

కొలిచే పనిముట్లు మాత్రం తర్వాత మారిపోయాయి. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ 66 అడుగుల గొలుసు తయారు చేశాడు. దానికి వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. ఈస్టిండియా కంపెనీ వారి వెంట ఆ గొలుసు మన పొలాల్లోకి వచ్చింది. మన త్రిభుజం భుజాలు గొలుసుల్లో ఉన్నాయనుకుంటే 84 చదరపు గొలుసులు, అంటే 8 ఎకరాల 40 సెంట్లు. తెలంగాణ లెక్కలో 8 ఎకరాల 16 గుంటలు. ఎడ్ఫూ సూత్రంతో కొలిస్తే 9 ఎకరాల 80 సెంట్లు అయ్యేది. లేని ఎకరం నలభై సెంట్లకు శిస్తు కట్టాల్సి వచ్చేది.

గొలుసు సర్వేయరు చేసేది కూడా పాత పనే. పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టడం, భూమి మీద లంబం పాదం ఎక్కడ పడుతుందో చూసి ఎత్తు కొలవడం. ఆబాధలను లెక్క కట్టడానికి బదులు నేల మీదే పట్టుకున్నాడు.

కోణం చేతికొచ్చాక

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలవడంతో మహా త్రికోణమితి సర్వే మొదలైంది. కోణాలు కొలిచే, అర టన్ను బరువైన థియోడొలైట్ దాని ప్రధాన పనిముట్టు. కొండల మధ్య గొలుసు లాగలేరు. కొండ మీంచి కొండకు చూపు మాత్రం సాగుతుంది. కాబట్టి ప్రశ్న తలకిందులైంది. మూడు భుజాలు కాదు, ఒక భుజం, రెండు కోణాలు.

మన త్రిభుజాన్నే ఆ కళ్లతో చూద్దాం. భూమి 14. దాని రెండు కొనల్లో కోణాలు దాదాపు 67.4, 53.1 డిగ్రీలు. మొదటి కోణం కొటాంజెంటు 5/12, రెండోదానిది 9/12. కలిపితే 14/12. భూమిని దానితో భాగిస్తే ఎత్తు 12. కోణాన్ని 13, 15 భుజాల మధ్య పట్టుకుంటే దాని సైను 56/65. 13, 15, 56/65 గుణించి సగం చేస్తే 84. ఈ దారిలో మనిషి కొండ దిగక్కరలేదు.

బిందువులు, చుక్కలు

1637లో డెకార్ట్ రేఖలను సమీకరణాలుగా మార్చాక, త్రిభుజం మూడు బిందువుల చిరునామా అయింది. మనదాన్ని గ్రాఫు కాగితం మీద పెడితే మూలలు (0, 0), (14, 0), (5, 12). 1769లో జర్మనీలో మైస్టర్ ఇచ్చిన సూత్రం ప్రకారం మూలల చుట్టూ వరసగా తిరుగుతూ అడ్డంగా గుణించి, కూడికలు తీసివేతలు చేసి సగం చేయాలి. 14, 12ల లబ్ధం 168 ఒక్కటే మిగులుతుంది, సగం 84. గాస్ పేరు మీద కూడా ప్రచారంలో ఉన్న ఈ సూత్రానికి ఎన్ని మూలల పొలమైనా ఒకటే. లంబం లోపల పడిందా, బయట పడిందా అన్న బెంగ లేదు, గుర్తులే చూసుకుంటాయి. పొలం చుట్టూ నడిస్తే విస్తీర్ణం చెప్పే ఫోన్ యాప్‌ల వెనక ఉన్నది ఈ ఆలోచనే.

1899లో ప్రాగ్ నగరపు గణితవేత్త గేయార్గ్ పిక్ కొలతనే తీసేశాడు. మూలలు గళ్ల కాగితం చుక్కల మీద ఉంటే చుక్కలు లెక్కపెడితే చాలన్నాడు. చుక్కల ముగ్గు వేసే చేతికి ఇది వెంటనే అర్థమవుతుంది. మన త్రిభుజం లోపల 76 చుక్కలు, గట్టు మీద 18. లోపలివి 76కు గట్టు మీదివాటిలో సగం 9 కలిపి, ఒకటి తీసేస్తే 84. గొలుసు లేదు, వర్గమూలం లేదు, గుణకారం లేదు. ఒక్క షరతు ఉంది: మూలలు చుక్కల మీదే ఉండాలి. పిక్ యూదుడు. 1942లో నాజీల తెరెజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. అతని సిద్ధాంతానికి పేరొచ్చింది తర్వాతే.

కంప్యూటరు నేర్పిన పాఠం

రెండు వేల ఏళ్ల సూత్రంలో లోపం ఉందని ఇరవయ్యో శతాబ్దం చివర కంప్యూటరు చూపించింది. సూది లాంటి త్రిభుజాల్లో, అంటే రెండు పొడుగు భుజాల మధ్య ఒక చిన్న భుజం ఉన్నప్పుడు, హెరాన్ సూత్రం కంప్యూటరులో బెసుకుతుంది. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేస్తే పనికొచ్చే అంకెలు ఎగిరిపోతాయి. సూత్రం సరైనదే, లెక్క వేసే క్రమం ప్రమాదకరం. బర్క్‌లీ ఆచార్యుడు విలియం కహాన్ అదే సూత్రాన్ని కుండలీకరణాలు మార్చి రాశాడు. భుజాలను పెద్దదాని నుంచి చిన్నదాకా పేర్చి, ఏది ముందు తీసివేయాలో కట్టడి చేశాడు. మన త్రిభుజానికి అతని నాలుగు కారణాంకాలు 42, 12, 14, 16. లబ్ధం 1,12,896, మూలం 336, నాలుగో వంతు 84. కాగితం మీద రెండు సూత్రాలూ ఒకటే. యంత్రంలో ఒకటి నిలుస్తుంది, ఒకటి జారుతుంది.

ఈ మూడు సంఖ్యలే ఎందుకు?

వరస సంఖ్యలు భుజాలుగా, వైశాల్యం పూర్ణ సంఖ్యగా ఉన్న త్రిభుజాలు అరుదు. మొదటిది 3, 4, 5. వైశాల్యం 6, కానీ లంబకోణం ఉండడం వల్ల పరీక్షకు పనికిరాదు. తర్వాతిది మనది. ఆ తర్వాత 51, 52, 53, వైశాల్యం 1170. నాలుగోది 193, 194, 195, వైశాల్యం 16,296. మధ్య భుజాలు 4, 14, 52, 194. ఒకదాన్ని నాలుగు రెట్లు చేసి దాని ముందుదాన్ని తీసేస్తే తర్వాతిది వస్తుంది.

దీని వెనక ఒక సమీకరణం ఉంది. ఒక సంఖ్య వర్గానికి మూడు రెట్లు చేసి ఒకటి కలిపితే మళ్లీ వర్గం రావాలి. 1కి 4 వస్తుంది, అది 2 వర్గం. 4కు 49 వస్తుంది, అది 7 వర్గం. 15కు 676, అది 26 వర్గం. ప్రతి జంటలో పెద్దదానికి రెట్టింపు మధ్య భుజం, చిన్నది అంతర్‌వృత్త వ్యాసార్థం, రెండింటి లబ్ధానికి మూడు రెట్లు వైశాల్యం. 7, 4 నుంచి 14, 84. వర్గప్రకృతి అనే పేరుతో ఇలాంటి సమీకరణాలు చేపట్టి, ఒక జవాబు నుంచి మరో జవాబు పుట్టించే భావన పద్ధతి ఇచ్చింది బ్రహ్మగుప్తుడే. 2, 1 జంటను భావనతో తనతోనే కలిపితే 7, 4 జంట వస్తుంది. చతుర్భుజ సూత్రం ఉన్న గ్రంథంలోనే, వేరే అధ్యాయంలో, ఈ త్రిభుజం జన్మరహస్యం కూడా ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే ఈ దారుల్లో ఏదీ మరో దారిని మూసేయలేదు. కత్తెర పాఠం చిన్న తరగతుల్లో బతికే ఉంది, లంబం గొలుసు వెంట సాగింది, హెరాన్ బడిలో ఉన్నాడు, మూలల సూత్రం ఫోనులో ఉంది. ప్రశ్నలో ఏమిచ్చారో దాన్ని బట్టి దారి ఎంచుకోవడమే నేర్పు. తప్పని తేలింది ఒక్క స్థూల సూత్రమే. 84 తెలిసినవాళ్లు పక్కన నిలబడి 98 తప్పని చూపించగలిగారు కాబట్టే ఆ సంగతి తేలింది.

అయితే 13, 14, 15 మెత్తని పరీక్ష. లంబం లోపలే పడుతుంది, మూలాలు పూర్ణ సంఖ్యలే వస్తాయి. లంబం ఎప్పుడూ లోపలే ఉంటుందని నమ్మిన పద్ధతి కూడా ఇక్కడ నెగ్గుతుంది. ఆ సంగతి పెద్దలకు తెలుసు. అందుకే హెరాన్ తన సూత్రానికి ఉదాహరణగా 7, 8, 9 తీసుకుని, పూర్ణం కాని 720 మూలాన్ని 27 దగ్గర మొదలుపెట్టి 26 5/6గా రాబట్టాడు. భాస్కరాచార్యుడు 9, 10, 17 ఇచ్చి లంబాన్ని బయటకు నెట్టాడు. కహాన్ సూది త్రిభుజాలు ఇచ్చి యంత్రాన్ని నిలదీశాడు. కొత్త పద్ధతి ఎవరు తెచ్చినా ముందు 84 రావాలి. వచ్చాక ఈ ముగ్గురి లెక్కలూ ఇవ్వాలి. అవి కూడా దాటితేనే దాన్ని పొలం మీదికి పంపవచ్చు.